ఖాళీగా పంపకూడని క్యారియర్

మా ఇంట్లో ఫ్రిజ్‌కి మూడు అరలు. ఆ మూడింటికీ ఎవరూ కాగితం మీద పెట్టని చట్టం ఒకటుంది. పై అరలో ఈ పూట వండినవి ఉంటాయి. అవి మా ఆయనకీ, వచ్చేపోయే వాళ్ళకీ. మధ్య అరలో నిన్నటివి. అవి నాకూ మా అత్తగారికీ. ఏ గిన్నె అయినా కింది అరలోకి దిగిందంటే దానికి మూడో రోజు వచ్చిందని అర్థం. అది మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకి.

నేను బాపట్లలో పుట్టి తెనాలి పక్కన అంగలకుదురుకి కోడలిగా వచ్చాను. వచ్చిన వారం రోజుల్లో ఈ చట్టం నాకు వంటబట్టింది. ఎవరూ నేర్పలేదు. మధ్య అర మీద మా ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. నిన్నటి కూర ఆడవాళ్ళే ఎందుకు తినాలి, మీ నోటికేమైనా బంగారం తాపడం చేశారా అని అడిగాను. ఒకటి రెండుసార్లు గెలిచాను కూడా. కింది అర గురించి మాత్రం ఒక్కసారైనా నోరెత్తలేదు. ఈ ముక్క రాస్తుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

ఆమె పన్నెండేళ్ళుగా మా ఇంటికి వస్తోంది. కాలవ అవతల పేటలో ఇల్లు. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. అయినా నేను ఆమెని నువ్వు అంటాను, ఆమె నన్ను మీరు అంటుంది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు. ఆ పిల్ల నర్సింగ్ చదివి, కిందటేడు నవంబరులో బాపట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది.

వాళ్ళు క్రైస్తవులు. ప్రతి క్రిస్మస్‌కీ ఆమె మాకు బేకరీ కేకూ, డజను అరటిపళ్ళూ తెచ్చేది. డబ్బాలో పెట్టి అమ్మే కేకు, తొక్క ఒలుచుకు తినే పండు. ఆమె పొయ్యి మీద వండింది ఏదీ మా గుమ్మం దాటలేదు. తేవద్దని ఎవరూ అనలేదు. అనకుండానే తెలిసి మసులుకోవడాన్ని మా ఊళ్ళో మర్యాద అంటారు. మేం తినే కంచాలన్నీ రోజూ ఆమె చేతిలోంచే వస్తాయి. ఆ చేత్తో తోమిన కంచం పనికొచ్చి, ఆ చేత్తో కలిపిన కూర ఎందుకు పనికిరాదో మా ఇంట్లో ఎవర్నడిగినా సమాధానం ఉండదు. అందుకే ఎవరూ అడగరు.

కిందటేడు క్రిస్మస్ నాడు మధ్యాహ్నం ఆమె కొత్త చీరలో వచ్చింది. చేతిలో కేకు లేదు. నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ ఉంది. పట్టుకుంటే ఇంకా వేడిగా ఉంది.

“మా అమ్మాయి మొదటి జీతంతో టర్కీ కోడి తెచ్చిందండి. మేమింకా నోట్లో పెట్టుకోలేదు, మొదట మీకే తీశాను” అంది.

ఆ కోడి కథంతా గుమ్మంలో నిలబడే చెప్పింది. రేపల్లె దాటి పెనుమూడిలో ఎవరో పెంచుతున్నారంటే పిల్ల ఆసుపత్రిలో సెలవు పెట్టి వెళ్ళిందట. బుట్టలో పెట్టుకుని బస్సెక్కితే అది దారి పొడుగునా మెడ బయటికి పెట్టి అందర్నీ పలకరించిందట. కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టమంటావా అన్నాడట. ఆమె చెబుతూ నవ్వింది. పన్నెండేళ్ళలో ఆమె పళ్ళు కనపడేలా నవ్వడం అదే చూడ్డం.

మా అత్తగారు చెడ్డమనిషి కాదు. నా కోపానికి పెద్ద చిక్కు ఇదే. గిన్నెలు తోమే ఆమెకి జ్వరమొస్తే ఇంటికి మాత్రలు పంపిన మనిషి, ఆమె కూతురి ఫీజుకి ముందుగా జీతం ఇచ్చిన మనిషి. ఆ రోజు కూడా ఎందుకమ్మా ఇంత శ్రమ అంటూ క్యారియర్ అందుకుని, పండగపూట ఒట్టి చేతులతో వెళ్ళకూడదని జాకెట్టు ముక్క తెచ్చి ఇచ్చింది. ఆమె అటు వెళ్ళగానే మా ఆయన మూత తీసి చూశాడు.

“మనం తింటామా ఏంటి?” అన్నాడు. కోపంగా కాదు, వెటకారంగా కాదు. వాన పడుతుందా అని అడిగినట్టు అడిగాడు.

తినం గానీ పారెయ్యకూడదంది మా అత్తగారు. అన్నం పరబ్రహ్మ స్వరూపం. కూర మా ఇంటి స్టీలు డబ్బాలోకి వంపింది. క్యారియర్ కడిగి బోర్లించింది. డబ్బాని తన చేత్తోనే ఫ్రిజ్ కింది అరలో పెట్టింది. ఇంకా వేడి చల్లారని కూర, మొదటి రోజునే మూడో రోజు అరలోకి పోయింది.

నేనేం చేశానంటే, చూస్తూ నిలబడ్డాను. నేను తెనాలిలో ఒక బడిలో ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతాను. బోర్డు మీద సమానత్వం అని రాసి కింద రెండు గీతలు గీస్తాను. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న అది. మా వంటింట్లో మాత్రం నాకు సున్నా వచ్చింది.

ఇంట్లో అందరూ కునుకు తీస్తున్నప్పుడు ఫ్రిజ్ తలుపు తీసి, దాని ముందే గొంతుకూర్చుని నాలుగు ముక్కలు తిన్నాను. టర్కీ మాంసం పీచుపీచుగా ఉంటుందని విన్నాను గానీ, ఆమె పచ్చి బొప్పాయి ముక్క వేసి ఉడికించినట్టుంది, వేలితో తాకితే ఎముక నుంచి విడిపోయింది. ధనియాలూ ఎండుకొబ్బరీ దోరగా వేయించి నూరిన కారం. చాలా బాగుంది. తిని, సబ్బుతో చెయ్యి కడుక్కుని, తేలు కుట్టిన దొంగలా వచ్చి పడుకున్నాను. పడుకుని నన్ను నేను మెచ్చుకున్నాను. ఈ ఇంట్లో నేనొక్కదాన్నైనా మనిషిననుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. డబ్బా నిండా కూర ఉంది, అది పాడవకూడదు, ఇంట్లో తెలియకూడదు. మర్నాడు పొద్దున్నే లేచి కొన్ని ముక్కల ఎముకలు తీసేసి చేత్తో చిదిపాను. రెండు ఉల్లిపాయలు, గుప్పెడు పుదీనా, నానబెట్టిన బియ్యం. కూరలో మసాలా ఎలాగూ ఉంది కాబట్టి వేరే ఏమీ వెయ్యక్కర్లేదు. కుక్కర్లో రెండు కూతలొస్తే పలావు తయారు. బడికి డబ్బా కట్టుకెళ్ళాను. స్టాఫ్ రూములో మూత తీయగానే లెక్కల టీచరూ, హిందీ టీచరూ చెంచాలతో వచ్చేశారు. టర్కీ అంటే ఆశ్చర్యపోయారు. మీవారు తెచ్చారా అని అడిగితే నవ్వాను. నవ్వడం అబద్ధం కిందికి రాదనుకున్నాను. మసాలా ఎలా నూరారో చెప్పమంటే అది కూడా నాకు తోచినట్టు చెప్పాను.

ఆ రాత్రి టిఫిన్‌కి ఇంకొంచెం మాంసం చిదిపి, కరివేపాకూ పచ్చిమిర్చీ వేసి పొడిపొడిగా వేయించి దోసెల్లో పెట్టాను. మా ఆయన మూడు తిన్నాడు. ఇదేం కూర అనడిగితే ఆదివారం నాటుకోడి మిగిలింది అన్నాను. మిగిలిందన్నా వంక పెట్టకుండా నాలుగోది వెయ్యమన్నాడు. వేస్తూ లోపల్లోపల పండగ చేసుకున్నాను. మనం తింటామా అన్న నోరే తింటోంది, చూశావా అనుకున్నాను. మిగిలిన కూర ఇంత సులువుగా ఎలా చెల్లబెట్టాలో నా దగ్గర నేర్చుకోవాలి ఎవరైనా. పలావులో పేరు నాది, దోసెలో మా ఆదివారం కోడిది. వండిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేకుండా ఊడ్చిపెట్టాను. అప్పుడు అది నాకు తట్టనే లేదు.

డబ్బాలో చివరికి రెండు కాళ్ళూ, కొంచెం పులుసూ మిగిలాయి. అంత పెద్ద ఎముకల్ని ఏ దోసెలోనూ దాచలేను.

మూడో రోజు పొద్దున ఆటో వచ్చి హారన్ కొడుతోంది. నా జడ సగమే అయింది. ఆమె దొడ్లో గిన్నెలు తోమి, ఇంటికి వెళ్ళబోతూ క్యారియర్ అడిగింది. మా అత్తగారు హాల్లోంచి నాకు వినపడేలా అంది:

“ఖాళీ క్యారియర్ పంపకూడదే. ఏదో ఒకటి వేసి ఇవ్వు.”

మా వైపు అది పద్ధతి. ఎవరైనా గిన్నెలో ఏదైనా పంపితే ఆ గిన్నె ఒట్టిగా తిరిగి వెళ్ళకూడదు. గుప్పెడు బియ్యమో, బెల్లం ముక్కో, ఇంట్లో ఉన్నదేదో వేసి పంపాలి. ఎంతో మంచి పద్ధతి. నా చెయ్యి బియ్యం డబ్బా మీదికి పోలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో పట్టిన అలవాటు ఎటు తీసుకెళితే అటు పోయింది. ఫ్రిజ్ తీశాను. కింది అర. ఒక గిన్నెలో వంకాయ కూర వంపాను, ఒక గిన్నెలో సాంబారు వంపాను, డబ్బాలో ఉన్నది మూడో గిన్నెలోకి వంపాను. చూడలేదని చెప్పను. చూశాను. కోడి కాలు టప్పున పడింది. డబ్బా ఖాళీ అయిందన్న సంతోషం తప్ప ఇంకేం తట్టలేదు. క్యారియర్ ఆమె చేతికిచ్చి ఆటో ఎక్కాను. చుండూరు రోడ్డు దాకా వెళ్ళాక అది ఎవరి కోడో గుర్తొచ్చింది.

గుర్తొచ్చినా ఆటో ఆపలేదు. మొదటి పీరియడ్ నాదే.

మర్నాడు ఆమె వేళకే వచ్చింది. నేను దొడ్డి గుమ్మంలో నిలబడ్డాను. అమ్మాయి డ్యూటీకి వెళ్ళిందా అన్నాను. ఆమె తోముతున్న గిన్నె మీంచి తల ఎత్తలేదు.

“నిన్న క్యారియర్ మూత మా అమ్మాయే తీసిందండి. మన కోడి కాలే కదమ్మా అంది.”

పీచు పెట్టి గిన్నె అడుగు రుద్దుతూనే ఉంది. మిగతాదీ చెప్పింది. కూర తీసుకెళ్ళొద్దని పిల్ల మొదటే అందట. వాళ్ళు తినరమ్మా, కేకు పట్టుకెళ్ళు అందట. పంతం పట్టింది తల్లే. పెద్దమ్మగారి సంగతి తెలీదు గానీ, టీచరమ్మ మాత్రం తింటుంది, నువ్వే చూద్దువుగానని కూతురి దగ్గర నా తరఫున మాటిచ్చి తెచ్చిందట. మూత తీశాక ఆ పిల్ల గొడవ చెయ్యలేదట. ఏమీ అనకుండా మూత పెట్టేసి బాపట్ల బస్సెక్కిందట. అనేసినా బాగుండేదండి అంది ఆమె.

నేను తిన్నాను అన్నాను. నిజంగానే తిన్నాను, బొప్పాయి ముక్క వేశావు కదా, పలావు చేసుకుని బడికి కూడా పట్టుకెళ్ళాను, మా ఆయన కూడా తిన్నాడు అని గబగబా చెప్పాను. చెబుతున్నంతసేపూ అత్తగారు వింటారేమోనని నా గొంతు దానంతట అదే తగ్గిపోయింది. ఆమె అది గమనించింది. అప్పుడు తల ఎత్తి నా మొహంలోకి చూసింది.

“తిన్న మనిషి చెప్పాలి కదండి. బాగుందనో, ఉప్పెక్కువైందనో.”

ఆ రోజు నేను వంటింట్లో మోత మోగించాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు, మా దుత్తలన్నీ సొట్టలు పడ్డాయి. మా అత్తగారి మీద కోపం, వాన సంగతి అడిగినట్టు అడిగిన మొగుడి మీద కోపం, ఎవరూ ఎందుకని అడగని చట్టాల్ని మర్యాద పేరుతో మోసే ఈ ఊరి మీద కోపం. అన్నిటికంటే, తినీ చెప్పలేని నా నోటి మీద కోపం. వాళ్ళు తినం అనుకున్నారు, ఆ సంగతి ఇంట్లో దాచనూ లేదు. నేను దొంగతనంగా తిని, దొంగతనంగా వండి, చివరికి ఆమె కూతురి మొదటి జీతాన్ని ఆమె ముందే మూడో రోజు ఎంగిలి చేసి పడేశాను. ఇంతా చేసి ఆ రోజు కూడా మా అత్తగారితో ఒక్క ముక్క చెప్పలేదు.

అప్పట్నుంచి ఆమె మా ఇంట్లో కూర ముట్టుకోలేదు. ఇస్తే, ఇంట్లో ఉందండి అంటుంది. కింది అర నిండిపోతూ వచ్చింది. కూతురు సంపాదిస్తోందిగా, పొగరొచ్చిందని మా అత్తగారు ఒకటి రెండుసార్లు అంది. పొగరు కాదు అన్నాను నేను. మరేంటని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. మూడో రోజు కూరలు ఇప్పుడు నేనే తింటున్నాను.

మొన్న క్రిస్మస్ వచ్చింది. ఆమె వచ్చింది. చేతిలో కేకు డబ్బా, బేకరీ వాళ్ళ టేపు కూడా ఊడలేదు. గుమ్మం అవతలే నిలబడి డబ్బా చాచింది.

“బేకరీదేనండి. ఇంట్లో చేసింది కాదు” అంది.

మా అత్తగారు సంతోషంగా అందుకుంది. ఎంత పద్ధతైన మనిషివమ్మా అంది. టేపు కోసి, ముక్కలు కోస్తోంది. మా ఆయన కుర్చీలో ఫోను చూసుకుంటున్నాడు. మొదటి ముక్క నా చేతిలో పెట్టింది అత్తగారు. కేకు పట్టుకునే గుమ్మం దాకా వెళ్ళాను. కిందటేడు నువ్వు తెచ్చిన టర్కీ కూర మేం తిన్నాం, చాలా బాగుంది, ఉప్పు సరిగ్గా సరిపోయింది అన్నాను. ఈసారి గొంతు తగ్గించలేదు. వెనక చాకు చప్పుడు ఆగింది. మా ఆయన తల ఎత్తినట్టున్నాడు. నేను తిరిగి చూడలేదు.

ఆమె నా వంక చూసింది, నా వెనక వాళ్ళ వంక చూసింది. కొంగు నడుముకి చుట్టి, దొడ్లో గిన్నెల వైపు నడుస్తూ అంది:

“ఏడాదైందండి. ఉప్పెంత వేశానో నాకిప్పుడు గుర్తులేదు.”