మెహరున్నీసా గారు చూడలేని స్లైడు

మొన్న ఒంగోలులో ఒక కొత్త ల్యాబు చూడడానికి వెళ్లాను. తలుపు తీయగానే జైలీన్ వాసన ముక్కుకు తగిలింది. గాజు స్లైడు మీద కణాలను పరీక్షకు సిద్ధం చేసేటప్పుడు వాడే ద్రవం అది. పెట్రోలులా ఘాటుగా, అడుగున కాస్త తీపిగా ఉంటుంది. నన్ను తీసుకెళ్లినవాళ్లు యంత్రాల గురించి ఉత్సాహంగా చెబుతున్నారు. నాకు మాత్రం గుంటూరులో ఒక ఆసుపత్రి వెనకగది, కిటికీలోంచి వచ్చే మిరప ఘాటుకు దగ్గుతూనే మైక్రోస్కోపు వదలని ఒక మనిషి గుర్తొచ్చారు.

డాక్టర్ మెహరున్నీసా గారు పాథాలజిస్టు. రోగి ఎదురుగా లేకుండానే, ఒంట్లోంచి తీసిన కణాలను చూసి జబ్బు చెప్పే డాక్టరు. చీరాలలో బట్టల కొట్టు నడిపే కుటుంబం వారిది. పెళ్లి చేసుకోలేదు. ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టడమే పనిగా పెట్టుకున్నారు. పత్తి చేలల్లో, మిరప తోటల్లో పనిచేసే ఆడవాళ్లు ఊళ్లలో పెట్టే శిబిరాలకు వచ్చి పరీక్ష చేయించుకుంటే, ఆ స్లైడ్లన్నీ గుట్టగా ఆవిడ బల్ల మీదకు చేరేవి. చూడడానికి ఆవిడ ఒక్కరే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎం.టెక్. విద్యార్థినిగా నేను ఆవిడ దగ్గరకు వెళ్లాను. స్లైడు ఫొటోలు చూసి అనుమానం ఉన్నవాటిని కంప్యూటరే ఏరిపెట్టగలదా అన్నది నా ప్రాజెక్టు.

“దానికి నేర్పించే ముందు నువ్వు నేర్చుకోవాలి కదమ్మా,” అన్నారు మొదటిరోజే. ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు దగ్గర తనకు ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. కణం మధ్యలో చుక్కలా ఉండేది కేంద్రకమనీ, అది ఉబ్బి, నల్లబడి, అంచులు వంకరపోతే అనుమానించాలనీ వారాల తరబడి చూపించారు. నేను తొందరపడి తల ఊపితే ఒప్పుకునేవారు కాదు. “చూశానని కాదు, ఏం చూశావో నోటితో చెప్పు,” అనేవారు. నేను చెప్పేదాకా స్లైడు కదిపేవారు కాదు.

నా ప్రోగ్రాములో తిప్పలన్నీ హద్దుల దగ్గరే. కేంద్రకం ఎంత పెద్దదైతే అనుమానించాలి, ఎంత నల్లబడితే అనుమానించాలి? ఆ హద్దులను చేత్తో సరిచేస్తూ కూర్చుంటే జన్మలు చాలవు. అందుకని జెనెటిక్ అల్గారిదమ్ వాడాను. అదేమిటని ఆవిడ అడిగితే మా నాన్న సంగతి చెప్పాను. నాన్న ప్రతి ఏడూ తోటంతా తిరిగి మంచి కాపున్న మొక్కల కాయలే విత్తనానికి ఉంచేవాడు. ఇదీ అంతే. రకరకాల హద్దులతో ప్రోగ్రామును నడిపి, బాగా పనిచేసినవాటినే ఉంచి, వాటిని ఒకదానితో ఒకటి కలిపి తర్వాతి తరాన్ని పుట్టించడం. ఆవిడ నవ్వి, “బాగుంది. మరి మంచి కాపు అంటే ఏమిటో దానికి ఎవరు చెబుతారు?” అన్నారు. ఎన్ని స్లైడ్లలో దాని జవాబు మేడమ్ గారి రిపోర్టుతో కలిస్తే అన్ని మార్కులని చెప్పాను.

కొన్నాళ్లకు ప్రోగ్రాముకు అద్భుతమైన మార్కులు వచ్చాయి. పరుగున వెళ్లి చూపించాను. ఆవిడ ఫలితాలన్నీ ఓపిగ్గా తిరగేసి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. “ఇది అందరూ బాగున్నారంటోందమ్మా,” అన్నారు. నిజమే. వచ్చే ఆడవాళ్లలో చాలామందికి జబ్బు ఉండదు. అందరినీ బాగున్నారంటే చాలు, మార్కులు వచ్చేస్తాయని ప్రోగ్రాము కనిపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. “ఊరికే భయపెడితే మనల్ని తిట్టుకుంటారు, తిట్టుకుంటూనే మళ్లీ వచ్చి చూపించుకుంటారు. బాగుందని చెప్పి పంపేస్తే ఇక రారు. జబ్బున్న మనిషిని వదిలేస్తే దానికి మార్కులు బాగా కోసెయ్,” అన్నారు. అలాగే మార్చాను. ఈసారి అక్కర్లేని చోట కూడా హెచ్చరికలు వచ్చాయి. వాటిని తగ్గించడానికి హద్దులు మళ్లీ బిగించబోతుంటే ఆపారు. “ఉండు. అది తప్పు చెప్పిందని మనం అనుకుంటున్న ప్రతి స్లైడూ ఒకసారి చూద్దాం.”

అలా చూస్తున్నప్పుడే నాగేంద్రమ్మ స్లైడు వచ్చింది. దర్శి దగ్గర పల్లెలో మిరపకాయలు కోసే మనిషి. కొన్ని నెలల క్రితం మేడమ్ బాగుందని రిపోర్టు ఇచ్చారు. ప్రోగ్రాము మాత్రం జబ్బు అనుమానం ఉందంటోంది. ఆవిడ చాలాసేపు చూసి, “ఏమీ లేదమ్మా,” అన్నారు. నేను ఎదురుగా కూర్చుని అదే చూస్తున్నాను. ఎడమవైపు అంచున నల్లగా ఉబ్బిన కేంద్రకాలు, గుంపుగా. ఆవిడ నాకు నేర్పినవే. చివరికి, “మేడమ్, ఎడమ అంచున...” అన్నాను.

ఆవిడ మళ్లీ కళ్లు ఆనించారు. కాసేపటికి, కళ్లు తీయకుండానే, “ఎలా ఉన్నాయో చెప్పు,” అన్నారు. చెప్పాను. ఉబ్బు, నలుపు, వంకర అంచులు. “నాకక్కడ మసక తప్ప ఏమీ కనపడట్లేదు రమా,” అన్నారు.

ఎన్నో ఏళ్లుగా ఆవిడకు షుగరు. చూపు మందగిస్తే కళ్లద్దాలు మార్చాలనుకున్నారే కాని, షుగరు కంటి వెనక పొరను దెబ్బతీసిందని అనుకోలేదు. పక్కగదిలో వేరే పరీక్షలు చూసే డాక్టరు గారిని పిలిచి స్లైడు చూపించారు. ఆయన జబ్బేనన్నారు. తర్వాత గొంతు తగ్గించి, “మళ్లీ పరీక్షకని పిలిపించి కొత్త రిపోర్టు ఇచ్చేద్దామండీ. పాతదాని ఊసు ఎందుకు?” అన్నారు. “నేను వెళ్లి చెప్తానండీ,” అని ఆవిడ లేచారు. ఆ కుర్చీలో మళ్లీ కూర్చోలేదు. అంతకుముందు తాను చూసిన స్లైడ్లన్నీ ప్రోగ్రాముకు ఇచ్చి, మరో డాక్టరు చేత మళ్లీ చూపించమన్నారు.

మర్నాడు దర్శి బస్సెక్కాం. కల్లంలో ఎర్రగా పరిచిన కాయల మధ్య నాగేంద్రమ్మ తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. సంగతి వినగానే ఆమె భర్త మండిపడ్డాడు. “ఇదేంది డాక్టరమ్మా! అప్పుడు బాగుందంటిరి, ఇప్పుడు జబ్బంటిరి. మా ఆడమనిషి ప్రాణమంటే ఆటగా ఉందా మీకు?”

“తప్పు నాదేనయ్యా. నా కళ్లు పాడయ్యాయి, నాకే తెలీలేదు. ఎంత తిడతావో తిట్టు. రేపు మాత్రం ఆవిణ్ణి గుంటూరు తీసుకురా. నేను దగ్గరుంటాను.”

నాగేంద్రమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని లేచి వచ్చింది. మేడమ్ ముఖంలోకి కాసేపు చూసింది. “కళ్లు కనపడకుండానే ఇంత దూరం వచ్చావా తల్లీ? ముందు ఆ నీడన కూర్చో,” అంది.

మేడమ్ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నాగేంద్రమ్మకు ఆపరేషను, రేడియేషను చికిత్స అయ్యాయి. మేడమ్ అన్నమాట ప్రకారం రోజూ మంచం పక్కన కూర్చున్నారు. కొంతకాలం బాగానే ఉంది, పనిలోకి కూడా వెళ్లింది. తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఆ పైఏడు మిరప కోతల నాటికి ఆమె లేదు. తిరిగి చూసిన స్లైడ్లలో మరొకావిడ జబ్బు కూడా బయటపడింది. తొలిదశలోనే దొరకడంతో నయమై ఇంటికెళ్లింది. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా మేడమ్‌కు ఊరట కలగలేదు. “మంచిదేనమ్మా,” అని ఊరుకునేవారు.

ఉద్యోగం వదిలి చీరాలలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు. మా పరిశోధన అచ్చయ్యాక పత్రిక పట్టుకుని వెళ్లాను. అప్పటికి చూపు పూర్తిగా పోయింది. పక్కవీధి మగ్గాల చప్పుడు వింటూ వరండాలో కూర్చుని ఉన్నారు. పత్రిక చేతికిస్తే కాగితాన్ని వేళ్లతో తడిమి, “చదువు,” అన్నారు. మొదటినుంచి చివరిదాకా చదివాను.

“మన నాగేంద్రమ్మ స్లైడు సంగతి రాలేదే?”

“తీసేయించారు మేడమ్. డాక్టరు రిపోర్టే తప్పని రాస్తే మొత్తం పనినే నమ్మరన్నారు మా ప్రొఫెసర్ గారు. చాలా చెప్పి చూశాను.”

ఆవిడ పత్రిక మూసి ఒళ్లో పెట్టుకున్నారు. “యంత్రం తప్పులన్నీ రాసి నాది ఒక్కటి దాచారు. రేపు ఇంకో డాక్టరమ్మ తన కళ్లు బాగున్నాయనే అనుకుంటుంది,” అన్నారు. గొంతులో కోపం లేదు. నన్ను భోజనం చేసి వెళ్లమన్నారు.

ఆ తర్వాత ఎక్కువ కాలం లేరు. కిడ్నీలు పాడయ్యాయి. కబురు తెలిసి నేను చీరాల చేరేసరికే తీసుకెళ్లిపోయారు.

ఇప్పుడు నా దగ్గర పిల్లలు పరిశోధన చేస్తున్నారు. ఏ పత్రం రాసినా, ప్రోగ్రాము ఎవరిని వదిలేసింది, డాక్టరు ఎవరిని వదిలేశారు, మేం ఎక్కడ పొరబడ్డాం అన్నది ఒక పేరాలో రాయిస్తాను. జాగా చాలదంటే బొమ్మలు తీసేయమంటాను కాని దాన్ని ముట్టుకోనివ్వను. పత్రం పంపే ముందు ఆ పేరా ఒక్కటీ పైకి చదువుతాను, కళ్లు లేని మనిషికి కూడా అర్థమయ్యేలా, నెమ్మదిగా.