ఆకుల గదిలో బదనిక

నా చిన్నప్పుడు, 1961 ఎండాకాలం చివర, ఒక ఉదయం. తేదీ చెప్పలేను, డైరీ రాసే అలవాటు నాకు అప్పటికింకా రాలేదు. పెరట్లో ఉన్నవాళ్లు మాత్రం బాగా గుర్తు: మా తాత, నాయనమ్మ, చిన్నమ్మ, నేను, నిచ్చెన మీద పెంకులు సర్దే మనిషి. అందరం చూరుకు వేలాడుతున్న ఒక మొక్కనే చూస్తున్నాం. అది ఉంటుందా, పోతుందా అన్నది ఆ పూట తేలాలి.

ఆ మొక్క చిన్నమ్మది. ఆమె మా బాబాయి భార్య, పాలకుర్తి దిక్కు పల్లె నుంచి ఆ యేడే కాపురానికి వచ్చింది. పుట్టింట్లో తల్లి లేదు. తల్లి ఇష్టంగా చూసుకున్న పెరటి మామిడి గాలివానకు కూలిపోతే, దాని కొమ్మను పట్టుకుని ఉన్న బదనికను విడదీసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. ఇప్పుడు ఆర్కిడ్ అని కుండీల్లో అమ్ముతున్నారు కదా, ఆ జాతిదే. మన అడవి చెట్ల మీద తనంతట తాను పెరుగుతుంది.

నాయనమ్మకు అది నచ్చలేదు. "ఇంకో చెట్టును పట్టుకోని బతికేది మనింట్ల ఎందుకే? చెట్టును తినేది ఇంటిని తినదా?" అంది. చిన్నమ్మ కళ్లనీళ్లు చూసి కొంచెం మెత్తబడింది. వానలకు ముందు పెంకులు సర్దేవాళ్లు వచ్చేలోపు పూస్తే ఉంచుతానని, లేకపోతే వాళ్ల చెత్తతో పాటే పారేయిస్తానని చెప్పింది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. ఎలాగైనా పూయించాలి. మాది తమలపాకుల వ్యాపారం. కాశిబుగ్గలో మా ఇంటికి ఆనుకునే దుకాణం, వెనక ఆకుల గది. కిటికీ లేని ఆ గదిలో తడి గోనెల కింద ఆకు కట్టలు ఉండేవి. పూటకోసారి వాటిని విప్పి, తిప్పి, నల్లబడిన ఆకు ఏరేసి, మళ్లీ నీళ్లు చల్లి కప్పేవాళ్లం. పచ్చనిదాన్ని చూసుకోవడం అంటే మాకు తెలిసింది అదొక్కటే. అందుకే బదనికకు ఎండ తగిలి ఆకులు ముడతపడగానే ఇంటిల్లిపాదీ కలిసి దాన్ని ఆకుల గదిలోకి చేర్చాం. తడి గోనె చుట్టాం. తిప్పే పని నాది. బడి నుంచి రాగానే సంచి పారేసి అక్కడికే పరుగు. మొక్క వేళ్లు పట్టుకుని చూసేదాన్ని, ఆకుల మొదళ్లు విడదీసి మొగ్గ కోసం వెతికేదాన్ని, బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోయేదాన్ని. వేళ్లు నల్లబడుతుంటే ఇంకాస్త నీళ్లు పోసేదాన్ని. చిన్నమ్మ వంటింటి గడపలో నిలబడి చూసేది. అత్త ముందర నోరు విప్పేది కాదు.

ఒక మధ్యాహ్నం తాత నన్ను పిలిచి ఆకుల గదిలో పీట మీద కూర్చోబెట్టాడు. భుజాల చుట్టూ తడి గోనె కప్పి, "ఇగ ఓ పాట పాడు" అని తలుపు వేశాడు. మొదట నవ్వొచ్చింది. తర్వాత చెమట పట్టింది. పాట నోటికి రాలేదు.

"తాతా, తలుపు తియ్యి! ఊపిరాడ్తలేదు!"

"దాని పరేషాన్ గూడ గదేనే, పిల్లా," అన్నాడు తలుపు తీస్తూ. "మనం తెంపిన ఆకు వాడకుండ కాపాడేటోళ్లం. దానికి చీకటి కావాలె, తడి కావాలె. ఇది తెంపింది కాదు, బతికున్నది. దీనికి మన దుకాణం పద్ధతి పనికిరాదు."

తర్వాత నేరుగా వంటింటి దగ్గరికి పోయి, నాయనమ్మ ఎదుటే చిన్నమ్మను అడిగాడు: "బిడ్డా, మీ ఇంటికాడ ఇది ఎట్లుండేది?"

అప్పటిదాకా ఆ మాట ఎవ్వరం అడగలేదు. చిన్నమ్మ మొదట తడబడింది. "కొమ్మకు ఏలాడేది మామా. పొద్దుగాల ఎండ పడేది. ఏర్లన్నీ గాలిలనే. మా అమ్మ జరన్ని నీళ్లు చల్లి ఇడిసిపెట్టేది. ఏర్లు తెల్లగ ఆరినంకనే మల్ల నీళ్లు." అలా మొదలుపెట్టి వాళ్ల పెరడంతా చెప్పింది. కాపురానికి వచ్చాక ఆమె అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

కుళ్లిన వేళ్లు కోసేసి, మిగిలిన మొక్కను మామిడి దుంగకు కొబ్బరి పీచుతో కట్టి, తూర్పు చూరుకు వేలాడదీశారు. "చూడు, ముట్టకు" అని తాత నాకు చెప్పాడు. ఆ రోజులంత కష్టమైనవి నాకు బడిలో కూడా లేవు. చేతులు వెనక్కి కట్టుకుని కిందే తిరిగేదాన్ని. మగ్గాల చప్పుడు వింటూ వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చేదాన్ని. వేళ్లు తెల్లబడ్డాయి, కొసలు పచ్చబడ్డాయి. ఆకు మొదట్లోంచి ఒక మొన బయటికొచ్చింది. అది వేరో మొగ్గ కాడో తెలియక అన్నం సహించలేదు. కాడే. మొగ్గలు పట్టాయి గానీ విచ్చుకోలేదు. అంతలో పెంకులు సర్దే మనిషి వచ్చాడు.

నిచ్చెన మీంచి వంగి, "అవ్వా, ఇది అడ్డమొస్తాంది. పీకెయ్యాల్నా?" అన్నాడు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ చూరు కిందికి వచ్చి మొగ్గలను చూసింది.

"ఏం తొందరొచ్చిందయ్యా నీకు? గా దిక్కు పెంకులు ఎల్లుండి సర్దు."

మర్నాడు పొద్దున లేచేసరికి పెరడంతా సన్నని వాసన. మా వీధి మగ్గాల మీద నేసే లుంగీ గళ్లలాంటి గీతలతో గోధుమరంగు రేకులు, నడుమ ఊదారంగు. చిన్నమ్మ జడలో పెడదామని చెయ్యి చాచాను. "తెంపకే, ఉండనియ్యి" అంది నాయనమ్మ. పీట తెచ్చి చూరు కింద వేసి, చిన్నమ్మతో, "పొయ్యి నేను జూస్త. జరసేపు గాలికి కూసో" అని లోపలికి పోయింది.

ఇంటికి కొత్తగా మొక్క వచ్చినా, మనిషి వచ్చినా నా చేతులు ఇప్పటికీ తొందరపడతాయి. వాటిని వెనక్కి కట్టుకుని, తాత అడిగిన మాటే ముందు అడుగుతాను: మీ ఇంటికాడ ఎట్లుండేది?