సొంత ముఖంతో వచ్చే రోజు

మా పక్కింటి పరుపుల మామ కన్నుమూశాడు. శుక్రవారం పొద్దున ఆయన కూతురు పిట్టగోడ మీదుగా నన్ను పిలిచి, “మాస్టారూ, నాన్న లేవట్లేదండీ” అంది. నేను వెళ్లేసరికి మామ కుర్చీలోనే ఉన్నాడు. గేటు వైపు తిప్పి వేసుకున్న కుర్చీ అది. కనుబొమల మీద ఎప్పటిలాగే దూది పీచు.

నాకు ఏడుపు రాలేదు. ఆయనకు నేనిచ్చిన మాట గుర్తొచ్చింది. నలభై ఏళ్ల కిందట ఇచ్చాను, నిరుడు తప్పాను. ఈ నాలుగు మాటలూ దాని గురించే. మామని మహానుభావుణ్ణి చేసి దండ వేయడానికి కాదు. ఆ పని చెయ్యడానికి ఊళ్లో సాంస్కృతిక సంఘం ఉంది. ఆయన బతికున్నన్నాళ్లూ ఒక్కసారైనా వేదిక ఎక్కించని పెద్దమనుషులు, ఆయన పోయిన మర్నాడే ఫ్లెక్సీ కట్టించారు. అందులో మామ ఫొటో కంటే వాళ్ల ఫొటోలే పెద్దవి.

మామ పరుపులు కుట్టేవాడు. చిలకలూరిపేటలో పత్తికి కొదవా? మిల్లు నుంచి దూది తెచ్చి విల్లుతో ఏకి, దిండ్లూ పరుపులూ కుట్టి అమ్మేవాడు. పంటలు ఇళ్లకు చేరి, జనం చేతిలో కాస్త తీరిక ఉన్న రోజుల్లో మాత్రం పని పక్కన పెట్టి, నలుగురు మనుషుల్ని కూడదీసుకుని పగటి వేషాలు కట్టేవాడు. నమాజు చదివి వచ్చి శివుడి వేషం కట్టేవాడు. అందులో వింతేముందో ఆయనకీ తెలియదు, మా వీధికీ తెలియదు.

చూడని పాఠకుల కోసం ఆ పద్ధతి చెప్పాలి. దళం ఒక ఊళ్లో కొన్నాళ్లు ఉంటుంది. రోజుకో వేషం. దేవుళ్ల వేషాలుంటాయి, ఊళ్లోని మనుషుల వేషాలూ ఉంటాయి. షావుకారు నడక, డాక్టరు దగ్గు, మునసబు చుట్ట, ఏదీ వదలరు. ఆఖరి రోజు మాత్రం రంగు ఉండదు. మొహం కడుక్కుని, సొంత ముఖంతో ప్రతి గడప ముందూ నిలబడి, “తప్పులుంటే మన్నించండి” అంటారు. ఎవరి మీద వేషం కట్టారో ఆ మనిషి తిట్టొచ్చు, అరవొచ్చు. తర్వాత “లోపలికి రా” అని పిలిచి గుడ్డలు పెట్టాలి. ఆ పిలుపు వచ్చేదాకా వేషగాడు గడప దాటకూడదు. మళ్లీ మళ్లీ అడగనూ కూడదు.

“నవ్వించడం తేలికేనండీ. నవ్వించాక వాళ్ల గడప ముందు నిలబడ్డం కష్టం” అనేవాడు మామ.

నేను లెక్చరరుగా ఈ ఊరికి కొత్తగా వచ్చిన రోజుల్లో నా మీదే వేషం కట్టాడు. చంకలో నాలుగు పుస్తకాలు, చేతిలో గొడుగు, ముక్కు చివర కళ్లజోడు. ఇడ్లీలమ్మే ఆవిడ ముందు నిలబడి, “ముందు ఇడ్లీకి వ్యుత్పత్తి చెప్పు తల్లీ, చట్నీ తర్వాత పోద్దువుగాని” అన్నాడు. వీధి వీధంతా పడి పడి నవ్వింది. నా గొంతు నాకే వినపడినట్టయింది. లేచి తలుపు దభాలున వేసుకున్నాను.

ఆఖరి రోజు మామ సొంత ముఖంతో వచ్చాడు. నేను కుర్చీలోంచి కదల్లేదు.

“లోపలికి రమ్మనకపోయినా పర్లేదండీ. ఒక్క మాట. తమరు తలుపేసుకున్నాక ఇంకో ముక్క ఉంది. అది చూళ్లేదు తమరు.”

“ఏం ముక్క?”

“వానొచ్చిందండీ. ఆ మాస్టారు గొడుగు పుస్తకాల మీద పట్టి, తను తడుసుకుంటా పోయాడు.”

అంతకు ముందు వారమే జరిగింది అది. నేను నిజంగానే అలా తడిసి ఇంటికొచ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ఈయన చూశాడు, చూసి దాన్ని వేషంలో చివర పెట్టాడు. నేను గడప దాకా వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

“తిట్టండి మాస్టారూ, తిట్టొద్దన్ను. చివరిదాకా చూసి తిట్టండి” అన్నాడు.

అలాగే చూస్తానని మాటిచ్చాను. అదే ఆ మాట.

తర్వాత ఇరవై ఏళ్లు ఆయన వేషాలకు మాటలు రాశాను. నాతో చదువుకున్నవాళ్లు, కావ్యాల మీద వ్యాసాలు రాసి బిరుదులు తెచ్చుకున్నవాళ్లు, “వీధి గంతులకు రాస్తున్నావట” అని వెటకారం చేశారు. వాళ్లు రాసినవి వాళ్ల ఇళ్లలోనే ఎవరూ చదవలేదు. నేను రాసిన మాటలు బస్టాండులో అరటిపళ్లమ్మేవాళ్ల నోట విన్నాను.

ఒకసారి పురుగుమందుల కొట్టాయన మీద కట్టాడు. పనిచేయని మందు అమ్మి, రైతు అడిగితే “పురుగులో లోపం” అనే మనిషి. పొట్ట ముందుకు తోసి నడిచే ఆ నడక మామ అచ్చు దించాడు. ఆఖరి రోజు కొట్టు ముందు నిలబడ్డాడు.

“ఏరా, నా నడక అట్టా ఉంటదంట్రా?”

“కాస్త తగ్గించి చేశానండీ.”

కొట్టాయన మొహం ఎర్రబడింది. ఇక కొడతాడనుకున్నాను. ఉన్నట్టుండి నవ్వేశాడు. “లోపలికి రా, దొంగ నాయాలా” అని పంచె పెట్టాడు. ఆ ఏడాది ఆ మందు ఆ కొట్లో మళ్లీ కనపడలేదు. అది హాస్యం చేసే పని. దీన్ని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మామకి ఒక్కడే శిష్యుడు నిలిచాడు. మిల్లులో బేళ్లెత్తే పని మానేసి వచ్చి, పన్నెండేళ్లు ఆయన రంగుల పెట్టె మోశాడు. వేషాలు చూసేవాళ్లు తగ్గిపోయాక హైదరాబాదు వెళ్లి టీవీ కామెడీ షోలో చేరాడు. ఇప్పుడు వాడి మొహం చూడని ఇల్లు లేదు. నిరుడు ఒక సాయంత్రం మామకి ఫోన్ చేశాడు. “మామా, ఆదివారం లైవ్. నీ వేషమే కడతన్నా, చూడు.”

ఆ ఎపిసోడ్ గురించి చెప్పాలి. వార్షికోత్సవమట. స్టేజీ నిండా దీపాలు. మొదటి స్కిట్‌లో మగవాడు చీర కట్టుకుని రావడమే హాస్యం. రెండోదాంట్లో ఒకడు లావుగా ఉండడమే హాస్యం. మూడోదాంట్లో పెళ్లాం మొగుణ్ణి చెంపమీద కొడుతుంది, అదీ ఆరుసార్లు. జడ్జీలని ఇద్దరున్నారు. ఎవరూ ఏమీ అనకముందే కుర్చీల్లోంచి జారిపడి నవ్వుతారు. నవ్వినందుకే వాళ్లకి జీతం. లైవ్ అన్నా కూడా ఎక్కణ్ణుంచో డబ్బాలో పట్టిన నవ్వు పోస్తూనే ఉన్నారు. ఒకామె మాట మరిచిపోయి బిక్కచచ్చి నిలబడింది. ఆ గంటన్నరలో నేను చూసిన ఒకే ఒక్క నిజమైన మొహం అదే. దానికీ డబ్బా నవ్వు పోశారు.

మామ ఇంటి వసారాలో వీధి వీధంతా చేరింది. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కూర్చున్నాడు. అప్పటికే ఆయనకు ఎడమ చెయ్యి వణికే జబ్బు వచ్చి నాలుగేళ్లయింది. విల్లు పక్కన పెట్టేశాడు. టీ సాసర్లో పోసుకుని తాగే అలవాటు మాత్రం మానలేదు. సగం చొక్కా మీద పోయేది.

శిష్యుడు వచ్చాడు. పరుపులు కుట్టే ముసలివాడు. చెయ్యి గడగడ వణుకుతోంది. సాసర్లో టీ పక్కవాడి మొహాన పడింది. జడ్జీ బల్ల చరుస్తూ నవ్వాడు. సూదిలో దారం ఎక్కించబోతే సూది పక్కవాడికి గుచ్చుకుంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. జడ్జీ కళ్లు తుడుచుకున్నాడు. మా వసారాలో ఒక్కరూ నవ్వలేదు. మామ కూతురు లోపలికి వెళ్లిపోయింది.

మామ మాత్రం ముందుకు వంగి చూస్తున్నాడు. “కుడి కాదురా, ఎడమ చెయ్యి” అని గొణిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. రిమోట్ అందుకుని టీవీ కట్టేశాను.

“ఏంది మాస్టారూ, ఆపారేంది? అయిపోలా.”

“అయిపోయింది మామా. ఇంకేముంది చూడ్డానికి?”

మామ నల్లబడిన టీవీ వంక కాసేపు చూశాడు. మళ్లీ అడగలేదు. ఒక మాట రెండుసార్లు అడిగే మనిషి కాదు. జనం చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు కూర్చుని సమీక్ష రాశాను. ఈ వారపత్రికలో ‘చండ్రకోల’ పేరుతో పుస్తకాల మీదా, సినిమాల మీదా, టీవీ మీదా పదిహేనేళ్లుగా దెబ్బలు వేస్తున్నది నేనే. ఆ సంగతి ఎడిటర్‌కీ, మామకీ, ఆ శిష్యుడికీ తప్ప ఎవరికీ తెలియదు. అన్నం పెట్టిన చేతి వణుకుని అమ్ముకున్నవాడని రాశాను. సొంత ముఖం చూపించే ధైర్యం లేని వేషగాడని రాశాను. బాగా రాశాననుకున్నాను. నేనే మామకి చదివి వినిపించాను.

“బాగుందండీ” అన్నాడు మామ. “చివర్న వాడేం చేశాడో రాయలేదేం?”

“ఏం చేస్తాడు? దణ్ణం పెట్టి పోయుంటాడు.”

మామ ఊఁ కొట్టాడు. ఆ సాయంత్రమే కూతుర్ని బజారుకి పంపి నీలం చారల చొక్కా గుడ్డ తెప్పించాడు. “వాడొస్తాడు. సొంత ముఖంతో రావాలిగా” అన్నాడు. కుర్చీ గేటు వైపు తిప్పించుకున్నాడు. ఆ కవరు పక్కనున్న స్టూలు మీదే ఉండేది. ఆదివారం ఆదివారం గడ్డం గీయించుకునేవాడు.

“వాడు రాడు మామా. వాడిప్పుడు పెద్ద ఆర్టిస్టు” అనేవాణ్ణి, రోజూ.

“వస్తాడ్లెండి” అనేవాడు, రోజూ.

అలా పదకొండు నెలలు.

వీధిలో మరెవరూ చివరిదాకా చూడలేదా అని అడుగుతారు మీరు. చూసే ఉంటారు. ఆ షో మాటెత్తితే నేను మీదపడి పోట్లాడేవాణ్ణి. ఇంకెవరెత్తుతారు?

శుక్రవారం మధ్యాహ్నం కబరస్థాన్‌కి శిష్యుడు వచ్చాడు. నల్ల కళ్లద్దాలతో, వెనకాల నలుగురితో వస్తాడనుకున్నాను. ఒక్కడే వచ్చాడు, నలిగిన చొక్కాతో. మూడు పిడికిళ్లు మట్టి వేసి దూరంగా వెళ్లి నిలబడ్డాడు. నేను వదల్లేదు, వెంటపడ్డాను.

“పదకొండు నెలలు ఎదురు చూశాడ్రా. ఒక్క గంట ప్రయాణం చెయ్యలేకపోయావా నువ్వు? గుంటూర్లో ప్రోగ్రామిచ్చి వెనక్కి పోయావంటగా!”

వాడు నా మొహం వంక వింతగా చూశాడు. “ఎదురు చూశాడా? మామా?”

“నువ్వు సొంత ముఖంతో వస్తావని.”

“వచ్చాగా మాస్టారూ! ఆ రోజే వచ్చాగా! మీరు చూళ్లా?”

వాడు ఫోన్ తీశాడు. వాళ్ల ఆవిడ ఇంట్లో టీవీని పట్టిన వీడియో అది. ఛానెల్ వాళ్లు ఇంటర్నెట్లో పెట్టినప్పుడు ఆ ముక్క కోసేశారట, నవ్వు లేదని. ఆ ఛానెల్‌ని ఏం తిట్టాలో నాకు ఏ నిఘంటువులోనూ మాట దొరకలేదు.

గోడ నీడలో నిలబడి చూశాను. ఏడోసారి ఆ ముసలివాడు, ఆ వణికే చేత్తోనే, సూదిలో దారం ఎక్కించాడు. దిండు మూతి కుట్టాడు. తర్వాత ఆ దిండు తెచ్చి, తనని చూసి నవ్విన పక్కవాడి తల కింద పెట్టాడు. డబ్బా నవ్వు ఆగిపోయింది. జడ్జీలు మాత్రం ఇంకా నవ్వుతున్నారు, స్కిట్ అయిపోయిందని తెలియక. వాడు తడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. స్టేజీ అంచున ఆగి, చేతులు కట్టుకుని, కెమెరా వంక చూశాడు.

“మామా, తప్పులుంటే మన్నించు. నువ్వు లోపలికి రమ్మంటే వస్తా.”

ప్రకటనలు వచ్చేశాయి.

“మామ చూశాడనుకున్నా మాస్టారూ. పిలుస్తాడని చూశా. పిలుపు రాందే గడప తొక్కకూడదు గదా, మామే నేర్పింది. తర్వాత పేపరొచ్చింది. మామ చెప్తేనే మీరు రాశారనుకున్నా. ఇంక ఏ మొహం పెట్టుకుని రాను?”

వాడి మీద నాకింకా కోపం పోలేదు. జబ్బు మనిషి వణుకుని ఆ జడ్జీల ముందు పెట్టినందుకు పోదు కూడా. పిలుపు లేకపోయినా వచ్చి తన్నులు తినాల్సింది, గడప అవతలే నిలబడాల్సింది. అదంతా వాడితోనే అన్నాను. వాడు తల వంచుకుని విన్నాడు. కానీ వాడు వచ్చాడు. మొహం కడుక్కుని వచ్చాడు. వాడు నిలబడ్డ తలుపుని వాడి మొహాన వేసింది నేను.

మామ కూతురు ఆ కవరు తెచ్చి వాడి చేతిలో పెట్టబోయింది. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “వద్దక్కా. పెట్టాల్సిన మనిషి పెట్టాలి” అన్నాడు. పద్ధతి అదే.

ఆ నీలం చారల గుడ్డ ఇంకా ఆ స్టూలు మీదే ఉంది. కుర్చీ ఇంకా గేటు వైపే ఉంది. పొద్దున పిట్టగోడ మీదుగా చూస్తే కవరు మీద దూది పీచు పేరుకుని కనిపించింది. ఆ ఇంట్లో దూది ఏకి నాలుగేళ్లు దాటింది. ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు.

చివరిదాకా చూడకుండా తీర్పు చెప్పిన ఆ సమీక్షకుణ్ణి నేను మన్నించను. పాఠకులకు తెలియాలి గనుక సొంత ముఖంతో వచ్చి చెబుతున్నాను. వాడి పేరు చండ్రకోల.