అగ్గిపెట్టె లేని ఇల్లు

మా తాత ఇంట్లోకి అగ్గిపెట్టె రాకూడదు. చెప్పులు వాకిట్లో విడిచినట్టు, వచ్చిన చుట్టాలు జేబులోని అగ్గిపెట్టె తీసి అరుగు మీద పెట్టి లోపలికి రావాలి. ఒకసారి మా నాన్న మరిచిపోయి పెరట్లో పుల్ల గీశాడు. కన్నకొడుకని కూడా చూడకుండా ఆ పూటంతా అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి తిట్టాడు తాత.

ఇంత పంతం ఎందుకంటే, ఆ ఇంట్లో పొయ్యి ఆరి ఎరగదు. శ్రీకాకుళం వైపు సొంత ఊళ్లో పొలం చాలక, గుణుపురం దగ్గర సాగుకు కాస్త భూమి దొరికిందని తాత బండి కట్టుకుని వచ్చేశాడు. వచ్చేటప్పుడు వాళ్ల నాన్న పొయ్యిలోంచి తీసిన నిప్పుని, ఊక పోసిన కుండలో పెట్టుకుని తెచ్చాడట. అప్పటి నుంచీ ఇంట్లో అదే నిప్పు. పక్క ఊరి వాళ్లు ఎవరైనా మా వీధిలోకి వస్తే, ఎడ్లనీ పంటనీ చూపించినట్టు తాత ఆ పొయ్యిని చూపించేవాడు.

ఆ కుండ తెచ్చింది తాతేనని నేను చాలా ఏళ్లు నమ్మాను. తాత తోలింది బండి. కుండని దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని, సెగకి తొడలు మాడుతుంటే తడిగుడ్డ వేసుకుని కూర్చున్నది మా మామ్మ. అప్పటికామె కొత్త కోడలు. తాత చెప్పే కథలో కుండ కనిపించేది గాని, దాన్ని పట్టుకున్న మనిషి కనిపించేది కాదు.

ఒడిశా వేరుపడిన ఏడాదే నేను పుట్టాను. అప్పట్లో రాయగడ జిల్లా లేదు, అంతా కోరాపుట్ జిల్లాయే. మా నాన్న వ్యవసాయం వదిలేసి రాయగడలో రోడ్ల పనికి కుదిరాడు కాబట్టి నేను పట్నం పిల్లనయ్యాను. పట్నమంటే ఒక బజారు, ఒక రైలు స్టేషను, మధ్యలో బురద. ఆ మాత్రానికే తాత దృష్టిలో నేను పాడైపోయిన దాన్ని. సెలవులకి ఊరు వెళ్లిన మొదటి రోజే పాఠం మొదలయ్యేది.

"ఈ కాలపోల్లకి ఏటొచ్చు? తాడు పేనడం రాదు. గెడ్డ ఎంత లోతుందో సూసి సెప్పడం రాదు. ఎద్దు మేత మానేస్తే ఎందుకు మానేసిందో తెల్దు. అగ్గిపుల్ల తడిసిపోతే అన్నం లేక సచ్చిపోతారు. మేం ఎవరి మీదా ఆదారపడి బతకలేదు, తెలిసిందా అమ్మీ?"

అన్యాయంగా మాట్లాడకూడదు. ఆయన చెప్పినవేవీ నాకు రావు, ఆయనకు అన్నీ వచ్చు. ఊరి పక్క వాగు, అదే గెడ్డ, పొంగినప్పుడు ఊళ్లో వాళ్లు తాత మాట వినే బండి దింపేవారు. కాని ఈ పాఠమంతా చెప్పి, గొంతు ఎండిపోయి, "ఓలే, మంచినీల్లు" అని కేక వేసేవాడు. నీళ్ల కుండ ఆయన మోకాలికి తగిలేంత దూరంలోనే ఉండేది. పెరట్లో పని చేసుకుంటున్న మామ్మ చేతులు కడుక్కుని వచ్చి, ముంచి ఇచ్చి వెళ్లేది. ఇప్పుడు నా ఈడు వాళ్లంతా అదే పాట అందుకున్నారు, మనవలకి ఏమీ చేతకాదని. వాళ్లు అలా అన్నప్పుడల్లా, మరి మనకు మంచినీళ్లు ముంచి ఇచ్చిందెవరని అడగాలని నాకు నోరు దురద పెడుతుంది.

ఇక పొయ్యి సంగతి. రోజూ సాయంత్రం వంట అయ్యాక మామ్మ మంచి కణికలు ఏరి ఒకచోట చేర్చేది. వాటికి ఆనించి ఒక పిడక పెట్టేది. పైన బూడిద కప్పేది, మరీ మందంగా కాదు, మరీ పల్చగా కాదు. తెల్లవారి నివురు తీసి ఊదితే నిప్పు కళ్లు తెరిచేది. యుద్ధం రోజుల్లో అగ్గిపెట్టెలు దొరక్క ఊళ్లో సగంమంది పొద్దున్నే పిడకలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడేవారు. లోపల బుగ్గలు పూరించి ఊదేది మామ్మ, అరుగు మీద కూర్చుని "తీసుకెల్లండి, తీసుకెల్లండి" అనేది తాత. దానికో కట్టుబాటు కూడా పెట్టాడు. శుక్రవారం గాని, దీపాలు పెట్టిన తరవాత గాని ఇంటి నిప్పు బయటికి పోకూడదు, లక్ష్మి వెళ్లిపోతుంది. ఒక శుక్రవారం వీధి చివరింటి ముసలమ్మ, వరసకి తాతకి మరదలు, "కొడుకు సంత నుంచి తడిసి వచ్చాడు, కాస్త నిప్పియ్యి బావా" అని వస్తే, గుమ్మంలోంచే తిప్పి పంపాడు. అది చూసి మిగిలిన ఇళ్లవాళ్లు కూడా అదే పద్ధతి పట్టారు.

ఆ పొయ్యి వల్ల మామ్మకి ఒరిగిందేమిటంటే, తమతో ఇక్కడికి వచ్చిన అత్తగారు పోయిన నాటి నుంచి ఆమె ఒక్క రాత్రి కూడా ఇంకో ఇంట్లో పడుకోలేదు. పెళ్లిళ్లకి వెళ్లినా దీపాల వేళకి తిరిగి వచ్చెయ్యాల్సిందే. ఉంటానంటే తాత ఒకటే మాట అనేవాడు, "మరి పొయ్యి ఎవరు సూస్తారు?"

నాకు పదమూడో పద్నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు, దసరా సెలవుల్లో, మా చిన్నత్తకి నెలలు నిండాయి. ఆమె మొగుడికి కోరాపుట్‌లో ఉద్యోగం. తొలి పురుడు పుట్టింట్లోనే పోయాలి, కాని ఆ ఘాటీ రోడ్ల మీద బస్సు ప్రయాణం కుదరదని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. పిల్ల రాలేకపోతే తల్లే వెళ్లాలి. మా నాన్న రాయగడ నుంచి మామ్మని తీసుకెళ్లడానికి వచ్చి, అగ్గిపెట్టె బుద్ధిగా అరుగు మీద పెట్టి, లోపల కూర్చున్నాడు.

"నువ్వెల్తే పొయ్యి ఎవరు సూస్తారు?" అన్నాడు తాత.

"నువ్వే సూడు," అంది మామ్మ. "ఈ కాలపోల్లకి సేతకాదని రోజూ అంటన్నావు కదా. నీకొచ్చు కదా."

మా నాన్న వాసాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాడు. "నాకు రాదని ఎవరన్నారేటి?" అన్నాడు తాత. అలా ఇరుక్కున్నాడు.

వెళ్లే ముందు మామ్మ నన్ను పొయ్యి దగ్గరికి పిలిచి అంతా చూపించింది. "మాటిమాటికీ నివురు తీసి సూడకండి. నిప్పు సంటిపిల్ల లాటిది, తొంగున్నదాన్ని లేపకూడదు," అంది. తరవాత గొంతు తగ్గించింది. "ఆరిపోయిందంటే మీ తాత నన్నింక గుమ్మం దాటనివ్వడు అమ్మీ. ఇదే మొదలు, ఇదే ఆకరు అవుద్ది." ఆమె చేతిలో మూట చిన్నది. ఊరికి వెళ్లేటప్పుడు ఏమేం తీసుకెళ్లాలో కూడా ఆమెకి తెలియలేదు.

బస్సు వెళ్లగానే తాత నన్ను పొయ్యి దరిదాపులకి రానివ్వలేదు. "పట్నం పిల్లవి, ముట్టుకోకు" అన్నాడు. ఉప్పెక్కడుందో, బియ్యం ఎంత పొయ్యాలో నన్నడిగాడు గాని నిప్పు గురించి మాత్రం అడగలేదు. పెద్ద దుంగ పెట్టాడు, అది పొగ చిమ్మిందే తప్ప మండలేదు. కణికలు కప్పాడు. కప్పి అరుగు మీదకి వెళ్లి, మనసాగక, తిరిగి వచ్చి నివురు తీసి చూశాడు. ఉంది. కప్పాడు. కాసేపటికి మళ్లీ తీశాడు. "తాతా, లేపకూడదంది మామ్మ" అంటే, "ఉందో లేదో సూసుకోవద్దా?" అని కసిరాడు. ఉందా ఉందా అని చూసి చూసి, మూడోనాటి మధ్యాహ్నానికి లేకుండా చేశాడు.

నాకు ఏడుపొచ్చింది. నిప్పు కోసం కాదు, మామ్మ కోసం. ఇంక ఆమెకి ఎక్కడికీ వెళ్లే వీలుండదని నాకు అక్కడికక్కడే అర్థమైపోయింది.

తాత ముందు తలుపు మూశాడు. తరవాత దూలం మీంచి చెకుముకి సంచి దింపాడు. అందులోని దూది ఎలకలు పట్టుకుపోయాయి, ఇనుప ముక్క తుప్పు పట్టింది. అయినా కూర్చుని కొట్టాడు. బయట ముసురు, గోడలకి చెమ్మ. రాయి లోంచి ఒక్క రవ్వ రాలేదు గాని, బొటనవేలు మీద దెబ్బ పడి తాత నోట్లోంచి నేను అంతకుముందు వినని మాటలు చాలా వచ్చాయి.

"కొట్లో అగ్గిపెట్టె..." అన్నాను. ఎడ్లని అమ్మెయ్యమన్నట్టు చూశాడు నన్ను. ఆ పూట ఇద్దరం అటుకులు నానబెట్టి బెల్లం వేసుకుని తిన్నాం.

చీకటి పడుతుండగా, ఇక లాభం లేదని, తాత తుండుగుడ్డ కింద పిడక దాచుకుని వీధిలోకి బయలుదేరాడు. నేను తాటాకు గొడుగు పట్టుకుని వెనక నడిచాను. మొదటి ఇంటివాళ్లు అన్నం పెడతామన్నారు, నిప్పు మాత్రం ఇవ్వలేమన్నారు. రెండో ఇంటివాళ్లు నొచ్చుకుంటూనే తల అడ్డంగా ఊపారు. అప్పటిగ్గాని మా ఇద్దరికీ తట్టలేదు, ఆరోజు శుక్రవారమని, పైగా దీపాలు పెట్టేశారని. ఎవరినీ ఏమీ అనడానికి లేదు. ఆ కట్టుబాటు తాతదే.

చివరికి వీధి చివరిల్లే మిగిలింది. ముసలమ్మ అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది. మా వైపు ఆడవాళ్లు కాల్చేది అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. తాత ఊరంతా తిరిగి వెతుకుతున్న నిప్పు ఆమె బుగ్గలో ఉంది. తీరిగ్గా పొగ వదిలి, పిడక వైపు చూసింది.

"ఏటి బావా, ఇలాగొచ్చేవు? సుక్రోరం, దీపాలేల. ఇప్పుడు నిప్పిస్తే నా ఇంట లచ్చిమి ఉంటాదేటి? నువ్వే కదా సెప్పేవు."

తాత గొడుగు కింద నిలబడి నేల చూపులు చూశాడు. ఆమెని ఆ సంతోషం కాసేపు అనుభవించనిద్దామన్నట్టు దేవుడు కూడా ఊరుకున్నాడు.

"సుట్టకైతే ఇస్తాను," అంది చివరికి. "సుట్టకి వారం వర్జెం లేదు."

తాత వంగాడు. ఆమె నోట్లోంచి తీసిన ఎంగిలి చుట్టకి, రొంటిన దోపుకున్న తన చుట్ట తీసి ఆనించి ముట్టించుకున్నాడు. ఇక అక్కణ్ణుంచి ఇంటిదాకా ఆ చుట్ట ఆరకూడదు. గాలి, జల్లు. తాత రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, కొలిమి తిత్తి లాగా బుసలు కొడుతూ నడుస్తుంటే, నిప్పు ఇవ్వని ఇళ్లవాళ్లందరూ అరుగుల మీదకి వచ్చి పలకరించారు. "భోజనమైందా?" "వాన తగ్గుద్దంటావా?" జవాబు చెబితే చుట్ట ఆరిపోతుంది. అందరికీ తల మాత్రమే ఊపాడు. సగం దారిలో దగ్గు పొర్లుకొచ్చింది. కళ్లంట నీళ్లు కారుతున్నా దాన్ని మింగేశాడు.

ఇంటికి చేరేసరికి ఆయనలో ఊపిరి లేదు. ఎండుగడ్డి చుట్ట కొసకి ఆనించి నేనే ఊదాను. అంటుకుంది. తాత గోడకి జారగిలబడి, ఆయాసం తీరేదాకా ఆగి, మంటని చూసి అన్నాడు, "సూసేవా? ఈ కాలపోల్లకి వచ్చునా ఇది?"

మామ్మకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టుతో పని లేకపోయింది. అత్తకి ఆడపిల్ల పుట్టి, కొన్నాళ్లు దగ్గరుండి మామ్మ తిరిగి వచ్చిన రోజు, బస్సు దిగిన చోటే వీధి చివరి ముసలమ్మ ఎదురెళ్లి అంతా అప్పజెప్పింది. మామ్మ ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, పొయ్యి దగ్గర నిలబడింది.

"ఆరిపోయిందట కదా."

"ఆరితే ఆరింది. మల్లీ ఎలిగించేను కదా," అన్నాడు తాత.

"ఆరిపోతే ఇంటికి ఏటైంది?"

"ఏటవుద్ది?"

"నిన్నే అడుగుతున్నాను. గొడ్డు సచ్చిందా? పంట పోయిందా?"

"ఏటీ అవలేదు. ఓ పూట అటుకులు తిన్నాం. అంతే."

నాకు నవ్వొచ్చింది. మామ్మ నవ్వలేదు. "అంతేనా," అంది. పొయ్యి పక్కన చతికిలబడింది.

"మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు, ఒక్క రేతిరి అమ్మ పక్కన తొంగుంటానంటే, పొయ్యి ఎవరు సూస్తారన్నావు. దీపాలేలకి ఎనక్కొచ్చేసేను. తెల్లారేసరికి అమ్మ పోయింది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవగా చూడడం నాకదే మొదటిసారి. తాత మీద ఆ క్షణంలో నాకొచ్చిన కోపం ఈనాటికీ పూర్తిగా పోలేదు.

ఆ సాయంత్రం వంటయ్యాక మామ్మ కణికలు ఏరలేదు, బూడిద కప్పలేదు. చెయ్యి కడుక్కుని వెళ్లి పడుకుంది. తెల్లారేసరికి పొయ్యి చల్లగా ఉంది. ఆమె లేవలేదు.

తాత జల్లులో గొడుగు కూడా లేకుండా వెళ్లి, కొట్టు తీయించి, అగ్గిపెట్టె తెచ్చాడు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని పుల్ల తీశాడు. గియ్యడం ఆయనకి రాదు. ఒకటి విరిగింది, ఒకటి తలకిందులుగా గీశాడు, ఒకటి అంటుకోగానే భయపడి వదిలేశాడు. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. కిందా మీదా పడి మొత్తానికి తనే పొయ్యి వెలిగించి, కుండలోంచి నీళ్లు తనే ముంచి ఎసరు పెట్టాడు.

మామ్మ పడుకున్నచోటు నుంచే అంతా చూసింది. "గుణుపురంలో మా కన్నోరి ఊరి రైలు పొద్దున్నదా, సాయంత్రమా?" అంది.

"పొద్దున్నే," అన్నాడు తాత, మంట వైపే చూస్తూ. "ఎల్లు. నాలుగు రోజులుండి రా."

"నెలుంటాను," అంది మామ్మ.