నీటి ఒడ్డున జోళ్ళు

మా ఇంట్లో ముగ్గురం, ఐర్లండ్‌లో మూడు ఊళ్ళలో ఉంటాం. నేను కార్క్ హార్బర్ పక్కన రింగాస్కిడీలో, మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఆపరేటర్ని. మా ఆవిడ లిమరిక్‌లో నర్సు. అమ్మాయి మెయ్‌నూత్‌లో చదువుకుంటోంది. మూడు అద్దె కొంపలు, మూడు లీజులు, ఒక వాట్సాప్ గ్రూపు. అందులో ఒకరు ఏం పెట్టినా మిగతా ఇద్దరం బొటనవేలు చూపిస్తాం. మా మధ్య పోట్లాటలు లేవు. పోట్లాడుకోవాలన్నా ఒకచోట ఉండాలి కదా.

నాకొక పడవ ఉంది. ఫ్యాక్టరీలో రిటైరవుతున్న పెద్దాయన తన పాత తెరచాప పడవను నాకు అంటగట్టాడని మావాళ్ళంటారు కానీ, నిజానికి నేనే అడిగి తీసుకున్నాను. పల్నాడులో పుట్టి, ఈత కూడా ఈ దేశం వచ్చాక నేర్చుకున్నవాడికి సముద్రం పిచ్చేమిటని కార్క్‌లో తెలుగువాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళ పిల్లలు నన్ను బోట్ అంకుల్ అంటారు. ఒకరిద్దరు సరదాపడి నాతో వచ్చారు, హార్బర్ దాటకముందే వాంతులు చేసుకున్నారు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అప్పట్నుంచి ఒక్కణ్ణే తిరుగుతున్నాను. ఒంటరిగా తిరగడమే నాకిష్టమని అందరితో చెబుతాను. అందులో సగం నిజం.

ఆ బ్యాంక్ హాలిడే ఆదివారం మాత్రం ముగ్గురం కలిసి వెళ్ళాలనుకున్నాం. నెల ముందే చెప్పి ఒప్పించాను. తెల్లారకముందే లేచి పులిహోర కలిపాను. నిమ్మకాయది కాదు, చింతపండు పులుసు కాచి, ఇంగువ వేసి చేసినది. పెద్ద డబ్బా నిండా సర్దుకుని, పడవలు నిలిపే మెరీనాకి వెళ్ళి కారాపేసరికి ఫోన్లో రెండు వాయిస్ కబుర్లు ఉన్నాయి. వార్డులో మనుషులు తక్కువయ్యారని, ఎక్స్‌ట్రా షిఫ్టు తప్పదని మా ఆవిడ. అసైన్‌మెంట్ మిగిలిపోయిందని, నెక్స్ట్ టైమ్ తప్పకుండా వస్తానని, ఐరిష్ యాసలో అమ్మాయి. రెండూ న్యాయమైన కారణాలే. అందుకే ఇంకా మండింది, తిట్టడానికి కూడా చోటివ్వలేదు వీళ్ళు.

ఇద్దరికీ కలిపి 'గ్రాండ్' అని, అంటే అంతా బాగానే ఉందని, జవాబు పెట్టాను. ఈ దేశంలో ఆ ఒక్క మాటతో పెళ్ళికీ చావుకీ సరిపెట్టుకోవచ్చు. తర్వాత ఫోన్ ఆపేసి, నీళ్ళు తగలని సంచీలో కుక్కేశాను. పాంటూన్ మీద, అంటే పడవలు కట్టుకునే ఆ తేలే చెక్కబాట మీద, అంత పొద్దున్నే ఎవరూ లేరు. విసురుగా పడవెక్కి, రబ్బరు బూట్లు తొడుక్కుని, తాళ్ళు విప్పుకుని బయలుదేరాను. ఎక్కడికి వెళ్ళినా 'వెళ్ళొస్తాను' అనడం అలవాటు. ఆరోజు ఆ మాట చెప్పడానికి ఎవరూ కనబడలేదు.

ఆటుకి నీరు వెనక్కి తీసే వేళ కావడంతో హార్బర్ నన్ను తనే బయటికి తోసింది. ఎడమవైపు తెల్లటి లైట్‌హౌస్ దాటాక పడవను పడమటికి తిప్పాను. గాలి నేల మీదనుంచి మెత్తగా వీస్తోంది. తెరచాప నిండింది. కుడిచేతివైపు పచ్చటి కొండచరియలు, వాటిపైన గడ్డి మేస్తున్న ఆవులు, కింద రాళ్ళ మీద తెల్లటి నురుగు. ఎంత అందంగా ఉందో చెప్పబోయి పక్కకు తిరిగాను. డబ్బా తప్ప ఎవరూ లేరు. మూత తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు, పులుపు అన్నీ అమిరాయి. అయినా రెండో ముద్ద దిగలేదు.

కిన్‌సేల్ ఊరివైపు సగం దూరం వెళ్ళానేమో, పడవలో రేడియో పలికింది. కోస్ట్ గార్డ్ అమ్మాయి గొంతు. హార్బర్ లోపల ఒక మనిషి నీళ్ళలో పడ్డాడని అనుమానం ఉందని, నీటి అంచున మగవాళ్ళ జోళ్ళు దొరికాయని, చుట్టుపక్కల ఉన్న పడవలన్నీ నీళ్ళమీద ఓ కన్నేసి ఉంచాలని చెప్పింది. పడ్డాడని అంది గానీ, అంచున జోళ్ళు విప్పిపెట్టాడంటే పడలేదని నాకర్థమైంది. ఎవరికైనా అర్థమవుతుంది.

పడవ వెనక్కి తిప్పాను. దిగిపోతున్న నీటిలో పడినవాడు హార్బర్ నోటినుంచి ఇటే కొట్టుకొస్తాడని లెక్క వేసుకున్నాను. నోటి దగ్గరికి చేరాక తెరచాప దించి, చిన్న ఇంజను మెల్లగా నడుపుతూ, ఆ చివరినుంచి ఈ చివరికి వెతికాను. ఒకచోట నల్లగా గుండ్రటి తల కనిపించి ఇంజను జోరు పెంచాను. దగ్గరికి వెళితే సీల్. నా వైపు తాపీగా చూసి మునిగిపోయింది. నారింజరంగు లైఫ్‌బోట్ వేగంగా పక్కనుంచి వెళ్ళింది. అందులో ఉన్నవాళ్ళు ఆదివారం భోజనాలు వదిలేసి వచ్చిన వలంటీర్లు. ఒకాయన చెయ్యెత్తాడు, నేనూ ఎత్తాను.

"ఎక్కడున్నావురా," అన్నాను నీళ్ళకేసి చూస్తూ. పొద్దున్నుంచీ నేను పైకి మాట్లాడిన మొదటి మాట అది. వాడికి తెలుగు రాదన్న సంగతి కూడా తట్టలేదు. వాడెవడో, ఎంత వయసో తెలియదు, కానీ నాకు వాడికోసం ఏడుపొచ్చింది. పండగ సెలవు రోజున, ఎవరూ లేని పాంటూన్ మీద జోళ్ళు విప్పుకుంటూ వాడు ఎలా వంగి ఉంటాడో కూడా కనిపించింది. వాడు దొరకాలని, ప్రాణంతో దొరకాలని, మొక్కులు మానేసి చాలాకాలమైన నేను మొక్కుకున్నాను.

మధ్యాహ్నం దాటేసరికి చలి పట్టుకుంది. రబ్బరు బూట్లలోకి నీళ్ళు పోయి కాళ్ళు కొంకర్లు పోయాయి. పొడి మేజోళ్ళు వేసుకుందామని కిందికి దిగి, మెట్టు కింద జోళ్ళకోసం చెయ్యి పెట్టాను. తగల్లేదు. వంగి చూశాను. లేవు.

జోళ్ళతో పడవెక్కడం నా వల్ల కాదు. ఇల్లయినా పడవయినా గడప గడపే. ఎప్పుడూ పాంటూన్ అంచున విప్పి, మేజోళ్ళు మడిచి వాటిలో దోపి, లోపలికి అడుగుపెట్టాక చెయ్యి చాచి తీసుకుంటాను. ఆరోజు విసురుగా ఎక్కినవాణ్ణి చెయ్యి చాచడం మర్చిపోయాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పొద్దున్నుంచీ నేను వెతుకుతున్నది నన్నే.

సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. రేడియో చేతిలోకి తీసుకుని, పెట్టేసి, మళ్ళీ తీసుకున్నాను. ఆ జోళ్ళు నావని, నేను క్షేమంగా నా పడవలోనే ఉన్నానని చెప్పాను. అటువైపు అదే కోస్ట్ గార్డ్ అమ్మాయి. జోళ్ళెలా ఉంటాయని అడిగింది, చెప్పాను. లైఫ్‌బోట్‌ను వెనక్కి వెళ్ళమంది. నేను క్షమాపణలు చెబుతుంటే ఆపి, ఇలా ముగిసినందుకు తమకు సంతోషమేనని, ఇంతకీ మీరు బాగున్నారా అని అడిగింది. అందరూ వింటున్న ఛానల్ అది. గ్రాండ్ అన్నాను.

నేను చేరేసరికి పాంటూన్ మీద ఒక గార్డ్ ఉన్నాడు. కుర్ర పోలీసు, కోప్పడలేదు. కుక్కను నడిపించుకుంటూ వచ్చిన ఒకావిడ జోళ్ళు చూసి ఫోన్ చేసిందట. కార్ పార్కులో ఉన్న ఒకే ఒక్క కారు మా ఆవిడ పేరు మీద ఉంటే, ఆ ఆనవాలు పట్టుకుని ఆవిడ పని చేసే చోటికి ఫోన్ చేశారట. నేను రేడియోలో మాట్లాడింది ఆ వెంటనే కాబట్టి, దొరికాడని మళ్ళీ చేసి చెప్పారట. అయినా ఆవిడ బయలుదేరిందని చెప్పి, అతను వెళ్ళిపోయాడు.

మా ఆవిడ వచ్చేసరికి సాయంత్రమైంది. పైన కోటు ఉంది కానీ లోపల నర్సు యూనిఫామ్ అలాగే ఉంది. పాంటూన్ మీద నా జోళ్ళ పక్కన చతికిలబడింది. నేను పడవలో నిలబడే ఉన్నాను. నన్ను తిట్టలేదు.

"జోళ్ళు బయట విప్పే అలవాటని వాళ్ళకి చెప్పానండీ. బోట్ ఉందని కూడా చెప్పా," అంది. "ఫోన్లో పోలీసు అంతా రాసుకుని, అలాంటి పని చేసుకునే మనిషేనా అని అడిగాడు."

"ఏమన్నావు?"

"ఐ డోంట్ నో అన్నా. కాదు అని టక్కున అనాలి కదా. నా నోటికి రాలా. దారి పొడుగునా అదే."

నాకు మొదట కోపమే వచ్చింది. ఇరవయ్యేళ్ళ కాపురం తర్వాత నా గురించి నీకు తెలిసింది ఇంతేనా అని అడుగుదామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. కానీ బయటికి వచ్చింది వేరే మాట.

"పొద్దున్నుంచీ ఆ జోళ్ళవాడి కోసం వెతికాను," అన్నాను. "వాడెందుకు దూకాడా అని ఒక్కసారి కూడా అనుకోలేదే. కారణం నాకు తెలిసినట్టే ఉంది."

ఆవిడ తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపు నేను మర్చిపోయి చాలా ఏళ్ళయింది. వార్డులో రోగిని చూసే చూపు కాదది. కళ్ళు తుడుచుకుని, అన్నం తిన్నారా అని అడిగింది. ముగ్గురికని చేసిన పులిహోర అలాగే ఉందన్నాను.

అన్నేళ్ళలో ఆ పడవలో ఒక్కసారి కూడా కాలు పెట్టని మనిషి, లేచి తన జోళ్ళు విప్పుకుంది. నా వాటి పక్కన పెట్టబోయి ఆగింది. రెండు జతలూ చేత్తో పట్టుకుని పడవెక్కింది.