అద్దం మీది అరబ్బీ కాగితం

దుబాయ్ అవతల ఖోర్ ఫక్కాన్‌లో ఉన్న రోజుల్లో నేను అమెరికా స్పోర్ట్స్ కారు నడిపాను. ఎర్రది. రెండే తలుపులు, రెండే సీట్లు. ముందు భాగం ఎంత పొడవంటే, స్టీరింగు ముందు కూర్చున్నవాడికి కారు మొన ఎక్కడుందో కనపడదు. ఒక పక్క సముద్రం, ఒక పక్క గడ్డి మొలవని కొండలు, మధ్యలో నేను. గాలికి నా జుట్టు ఎగిరేది. అప్పుడు నాకు జుట్టు ఉండేది, అందులో అబద్ధం లేదు.

మిగతాది కొంచెం సరిచేయాలి. నేను దాన్ని నడపలేదు, తోశాను.

నేను పనిచేసిన గ్యారేజీ రోడ్డు పక్కనే ఉండేది. కార్లు కడగడం, తుడవడం, టైర్లు విప్పడం నా పని. మా వీసాలు ఎవరి పేరున ఉన్నాయో ఆ అరబ్బును కఫీల్ అంటారు. ఆయన కొడుకు ముచ్చటపడి తెప్పించుకున్న కారు అది. ఏడాది తిరక్కుండానే మోజు తీరింది. ఇసుకలో తిరిగే జీపు కావాలన్నాడు. అరబ్బీలో అమ్మకం కాగితం రాసి ముందు అద్దానికి అంటించి, కారును గ్యారేజీ మేనేజరు, అదే మా ముదీర్‌కు అప్పగించాడు. పెట్రోలు దండగని ముదీర్ ఇంజను వేయనిచ్చేవాడు కాదు. అందుకని పొద్దున షెడ్డులోంచి రోడ్డు పక్కకు, సాయంత్రం మళ్లీ షెడ్డులోకి నేనే తోసేవాణ్ణి. కిటికీలోంచి ఒక చేయి లోపలికి పెట్టి స్టీరింగు తిప్పుతూ, భుజంతో నెడుతూ, పోను నలభై అడుగులు, రాను నలభై అడుగులు.

పొద్దున్నే దాని మీద సముద్రపు ఉప్పు పలచగా పేరుకుని ఉండేది. తడిబట్టతో ఒకసారి, పొడిబట్టతో ఒకసారి తుడిచేవాణ్ణి. దాని ఒళ్లు ఇనుము కాదు. వేలితో కొడితే ప్లాస్టిక్ బిందె మోత వచ్చేది. ఒకరోజు ముదీర్ మంచి హుషారులో ఉండి స్విచ్ నొక్కి చూపించాడు. బానెట్‌లో దాక్కున్న దీపాలు పైకి లేచాయి, ఒకటి ముందు, ఇంకోటి కాస్త ఆగి, మధ్యాహ్నం కునుకు తీసిన మనిషి కళ్లు తెరిచినట్టు. ఆ రోజు నుంచి నాకు దాని పిచ్చి పట్టుకుంది. ఊళ్లో సైకిలు కూడా సొంతం లేనివాణ్ణి. అయినా ఆ కారు నాది కాదంటే మనసు ఒప్పుకునేది కాదు.

ఎవరైనా కొనడానికి వస్తే తుడుస్తున్నట్టు గుడ్డ పట్టుకుని అడ్డంగా నిలబడేవాణ్ణి. ఒకాయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, నన్నే అడిగాడు ఎలా ఉంటుందని. "సాబ్, పెట్రోల్ బహుత్ పీతా హై" అన్నాను బాధగా మొహం పెట్టి. పెట్రోలు తెగ తాగే బండి ఎవరికి కావాలి, ఆయన వెళ్లిపోయాడు. ముదీర్ బయటికొచ్చి, "క్యా బోలా ఉస్కో?" అన్నాడు. "సలామ్ బోలా" అన్నాను.

ఆ రోజుల్లో మా జిల్లావాళ్లం ఇంటికి ఉత్తరాల కంటే క్యాసెట్లే ఎక్కువ పంపేవాళ్లం. చెప్పాలనుకున్నదంతా టేపు రికార్డరులో చెప్పి, సెలవు మీద ఊరికి పోయేవాడి చేతికిస్తే చాలు. అక్కడ రికార్డరున్న ఇంట్లో వాడకట్టంతా చేరి వినేది. నా గదిలో గోదావరి జిల్లా వంటాయన ఒకాయన ఉండేవాడు. రికార్డరూ, కెమెరా రెండూ ఆయనవే. ఒక శుక్రవారం, ముదీర్ లేనప్పుడు, కారు పక్కన నా ఫోటో తీయమని బతిమాలాను.

"ఆ కాగితం తీసేసి నిలబడు బాబూ. అమ్మకానికి పెట్టిన బండని తెలిసిపోద్ది" అన్నాడాయన.

"తీస్తే ముదీర్ నా తోలు తీస్తడన్నా. అయినా మా ఊర్ల అరబ్బి ఎవనికొస్తది?"

"అదేంటని మీ ఆవిడ అడిగితే?"

"నా పేరని చెప్త."

"నీ ధైర్యం మండిపోనూ!" అని నవ్వుతూ ఫోటో తీశాడు.

మాట మీద నిలబడే మనిషిని. ఫోటో కూడా పంపి, క్యాసెట్‌లో అలాగే చెప్పాను. కారు కొన్నాననీ, రెండే సీట్లున్నాయనీ, అద్దం మీద అరబ్బీలో నా పేరే రాసి ఉందనీ. ఇంజను చప్పుడు కూడా వినిపించాను. నీళ్లు తోడే మోటారు పక్కన రికార్డరు పెట్టి పట్టిన చప్పుడు అది.

మారు క్యాసెట్ రావడానికి రెండు నెలలు పట్టింది. పోయినవాడు తిరిగి రావాలి కదా. వంటాయన ఉల్లిపాయలు తరుగుతుంటే, గదిలో నేల మీద కూర్చుని వేశాను. ముందు కోడికూత, ఎవరిదో దగ్గు, తర్వాత మా ఆవిడ గొంతు.

"ఏమయ్యా, మంచిగున్నవా? నీ ఫోటో అందరం జూసినం. పట్వారి తాతకు గూడ సూపెట్టిన. నిజాం కాలంల భూముల కాయిదాలన్నీ ఉర్దూలనే రాసెటోడు గద, అరబ్బి అచ్చరాలు గూడ సదువుతడు. అద్దాలు పెట్టుకోని జూసి అన్నడు, బిడ్డా, గిది నీ మొగని పేరు గాదు, బండి అమ్మకానికున్నదని రాసున్నది అని. నాకు పానం దస్సుమన్నది. గంత కష్టమేమొచ్చెనయ్యా? మాకు బాధైతదని పేరని చెప్పి దాసినవా? ఆ బండి అమ్మకు. ఇష్టపడి కొనుక్కున్నవు. మూన్నెల్లు ఇంటికి పైసలు పంపకు, నడుస్తది. బీడీల కార్ఖాన్ల అడిగి ఎక్కువ ఆకు తెచ్చుకున్న. నిన్నటి సంది ఎక్కువ బీడీలు జేస్తున్న. రెండే సీట్లన్నవు గద, మంచిదే. ఒకటి నీకు, ఒకటి నాకు. ఒక్కసారన్న అండ్ల గూసోవాలె నేను."

క్యాసెట్ ఇంకా తిరుగుతోంది కానీ మాటలు లేవు. ఆమెకు ఆపే మీట ఏదో తెలియలేదు కాబోలు.

వంటాయన కత్తిపీట పక్కన పెట్టాడు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఉల్లిపాయల వల్లేనని తర్వాత చాలాసార్లు చెప్పాడు.

"ఇప్పుడేం చేస్తావ్?"

"మంచి ధర వచ్చింది, అమ్మేసిన అని చెప్త."

"సిగ్గుండాలయ్యా! అక్కడ ఆవిడ నడుం పడిపోయేలా బీడీలు చుట్టి నీ కారు నిలబెడతానంటుంటే, దాని మీద ఇంకో అబద్ధమా?"

వెంటనే మారిపోయాను, అదే రోజు నిజం చెప్పేశాను అని రాద్దామనుకున్నాను. లేదు. రెండుసార్లు రికార్డు చేసి చెరిపాను. మొదటిసారి కారును దొంగలు ఎత్తుకుపోయారు. రెండోసారి కఫీల్ ముచ్చటపడితే నేనే ఉదారంగా ఇచ్చేశాను. రెండింట్లోనూ నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది.

తర్వాతి శుక్రవారం ముదీర్ నమాజుకు వెళ్లినప్పుడు, రికార్డరు తీసుకుని కారులో కూర్చున్నాను. అన్ని నెలలు తుడిచాను గానీ అప్పటిదాకా ఒక్కసారీ కూర్చోలేదు. స్టీరింగు వైపు కాదు, పక్క సీటులో. తోలు సీటు ఎండకు కాలుతోంది. చెప్పాను.

"ఇను. ఈ కారు నాది గాదు. నేను తుడుస్త, తోస్త. నాకు నడుపుడు గూడ రాదు. పట్వారి తాత సదివింది నిజం. ఎక్కువ ఆకు వాపస్ ఇచ్చెయ్. నువ్వు బీడీలు జేసుకుంట నా కారు కోసం నడుము ఇరగ్గొట్టుకుంటున్నవని ఇన్నంక నాకు బువ్వ సయిస్తలేదు. ఇగ తిట్టు."

ఆ క్యాసెట్ పంపిన వారానికే కారు అమ్ముడుపోయింది. పక్క ఊరు కల్బా నుంచి వచ్చినాయన బేరం కూడా ఆడలేదు. పెట్రోలు సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంజను వేస్తే గ్యారేజీ రేకులు అదిరాయి. నేను మోటారు పక్కన పట్టిన చప్పుడు దాని కాలిగోటికి సరిపోదు. రోడ్డెక్కి కొండ మలుపు తిరిగేదాకా గుడ్డ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. దాన్ని ఎప్పుడైనా చూస్తానేమోనని తర్వాత రెండుసార్లు పని కల్పించుకుని కల్బా వెళ్లాను. కనపడలేదు.

ఈసారి క్యాసెట్ తొందరగా వచ్చింది. సగం వరకూ తిట్లే. అవి ఇక్కడ రాయను, కొన్ని నాకు అప్పటిదాకా తెలియనివి. ఆ తర్వాత గొంతు తగ్గించి అంది.

"ఆకు వాపస్ ఇయ్యలే. వాళ్లు తీసుకోరు. కారు నీది గాదని వాడకట్టుల చెప్తే నా మొకం ఏడ పెట్టుకోవాలె? క్యాసెట్ ఎవలకు ఇనిపియ్యలే. మంచి ధర వచ్చింది, అమ్మిండని చెప్పిన. నువ్వు గూడ గట్లనే అను. అమ్మిన పైసలు ఏడున్నయని ఎవలన్న అడిగితే నాకేం తెల్వదు, నువ్వే చూస్కో."

ఇప్పుడు నాకు జుట్టు లేదు, ఆమెకు నడుము నొప్పి పోలేదు. ఇంటికెవరు వచ్చినా దుబాయ్ మాట వస్తే చాలు, మా ఆవిడ కారు కథ మొదలుపెడుతుంది. ఎర్ర రంగు, లేచే దీపాలు, కొండల నడుమ రోడ్డు. మొన్న మనవరాలికి చెబుతూ, ఆ కారులో సముద్రం పక్కన పోతుంటే చెవుల్లో గాలి ఎలా కొట్టేదో చెప్పింది. ఆమె ఏనాడూ బొంబాయి కూడా దాటలేదు.

నేను సరిదిద్దను. గోడకు జారగిలబడి వింటాను. ఆమె ఆపితే, తర్వాత ఎక్కడికి పోయామని అడుగుతాను.