జాబితాలో ఏడో సీసా

విమర్శకులు ఈ ఏడాది మేటివని ఎంచిన వైన్ల జాబితా పట్టుకుని, వాళ్ళ మాట నమ్మకుండా స్వయంగా రుచి చూసి తేల్చేద్దామని యానాం వెళ్ళాను. అంతటి స్వతంత్రుణ్ణి. తీరా అక్కడ దొరికింది ఏడో నంబరు సీసా ఒక్కటే.

లాడ్జి వరండాలో, పక్క గదిలో దిగిన కొబ్బరి రైతుకూ ఓ గ్లాసు పోశాను. నేనో గుక్క తాగి, జాబితా కాగితంలో రాసింది చూసుకుంటూ, “నేరేడు పండు, తడి మట్టి, కాస్త పొగాకు” అన్నాను.

“మా ఊళ్ళో కల్లు ఏ చెట్టుదో ముందు చెప్పరండి. తాగినోడే చెప్పాలండి” అంటూ ఆయన నా కాగితం మడిచి తన జేబులో పెట్టుకున్నారు. “ఇప్పుడు సెలవియ్యండి.”

మళ్ళీ తాగాను. చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాను.

“పుల్లగా ఉందండి.”

“హమ్మయ్య! మీకూ నాలుక ఉందండి” అన్నారాయన, ఎంతో మర్యాదగా.